రెండో వేలి వెనక ఎముక

"ఆ కాలితో డ్యూటీ చేయమని నీకెవరు చెప్పారు?" అని వార్డు సిస్టర్, అంటే మా వార్డు పెద్ద నర్సు, అడిగినప్పుడు నాకు మొదట కలిగింది సిగ్గు, ఆ వెంటనే కోపం. ఆమె నన్ను తన గదిలోకి పిలిచి తలుపు మూసి, మూడు రోజులుగా నా నడక చూస్తున్నానని చెప్పింది. నొప్పి ఎప్పటినుంచి అని అడిగితే నిన్నటినుంచే అని అబద్ధమాడాను. ఆమె నమ్మలేదు. "నువ్వు భుజం పట్టి నడిపించేది తుంటికి ఆపరేషన్ అయిన ముసలివాళ్లను. నీ కాలు తడబడితే పడేది నువ్వొక్కదానివే కాదు. దీన్ని నువ్వు కష్టపడటం అనుకుంటున్నావేమో, నేను మాత్రం అలా అనుకోవడం లేదు" అంది. ఇంటి నుంచి అంత దూరం వచ్చి, ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా పని చేసిన నాకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ గది, ఆ మూసిన తలుపు నాకు గుర్తున్నాయి.

అది 2002 మే నెల. మాంచెస్టర్‌లోని ఒక ఆసుపత్రిలో ఎముకల వార్డులో పని చేసేదాన్ని. అప్పట్లో మన దేశం నుంచి వచ్చిన నర్సులు ఇక్కడి నర్సుల రిజిస్టరులో పేరు ఎక్కేవరకు కొన్ని నెలలు పర్యవేక్షణలో పని చేయాల్సి ఉండేది. మేము దాన్ని అడాప్టేషన్ అనేవాళ్లం. అది పూర్తయి, మా పని పర్యవేక్షించే మెంటర్ సంతకం పెట్టి, పిన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు చేతికి వస్తేనే నర్సు జీతం. అప్పటిదాకా ఇంటి దగ్గర పదేళ్ల అనుభవమున్నా సహాయకురాలి లెక్కే. దానికి తోడు ఆ ఏప్రిల్ 1 నుంచే ఆ రిజిస్టరు చూసే పాత కౌన్సిల్ పోయి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ వచ్చింది. కొత్త కాగితాలు ఎలా ఉంటాయో, ఏ చిన్న లోపం వల్ల ఫైలు వెనక్కి వస్తుందో అని మాలో ప్రతి ఒక్కరికీ భయమే. పోయిన ప్రతి రోజూ అడాప్టేషన్‌కు చివర్లో కలిసేది. అందుకే ఏప్రిల్ ఆఖరి వారంలో కుడి పాదం పైభాగాన నొప్పి మొదలైనప్పుడు, రాత్రి వేడినీళ్లలో కాలు పెట్టుకుని, పొద్దున గట్టిగా కట్టు కట్టుకుని, పైన మేజోడు తొడుక్కుని వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. ఆదివారం ఫోన్‌లో అమ్మకు కూడా చెప్పలేదు.

నేను నా పాదాన్ని దాచుకుంటున్న ఆ రోజుల్లోనే ఈ దేశమంతా మరొక పాదం గురించి మాట్లాడుకుంటోంది. ఏప్రిల్ 10న మా ఊళ్లోనే, ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో, మాంచెస్టర్ యునైటెడ్‌కూ స్పెయిన్ జట్టు డిపోర్టివో లా కొరూన్యాకూ జరిగిన ఫుట్‌బాల్ ఆటలో డేవిడ్ బెక్‌హమ్ ఎడమ పాదంలో రెండో మెటాటార్సల్, అంటే రెండో వేలి వెనకుండే ఎముక, విరిగింది. ఆయన ఇంగ్లండ్ కెప్టెన్. అంతకు ముందు అక్టోబరులో గ్రీసుతో ఆట చివరి క్షణాల్లో ఆయన కొట్టిన ఫ్రీ కిక్‌తోనే ఇంగ్లండ్ ప్రపంచ కప్పుకు నేరుగా వెళ్లగలిగింది. జపాన్‌లో మొదటి ఆట జూన్ 2న. అంటే సరిగ్గా యాభై మూడు రోజులు. ఎముక అతకడానికి ఆరు వారాలు, పరుగుకు సిద్ధమవడానికి ఇంకెన్ని వారాలు అన్న లెక్క వార్డులో ప్రతి మంచం దగ్గరా నడిచేది. ఆయన్ని పడగొట్టిన ఆటగాడు ఆల్డో డూషర్ అర్జెంటీనావాడు కావడం, ఇంగ్లండ్ రెండో ఆట అర్జెంటీనాతోనే ఉండటం ఆ మాటలకు ఇంకా వేడి పుట్టించాయి.

ఆ మాటలు నాకు చిరాకు తెప్పించేవి. ఒక పత్రిక మొదటి పేజీలో ఆ పాదం ఫోటో వేసి, పాఠకులందరూ దాని మీద చేయి ఉంచి ప్రార్థించమని రాసింది. ప్రధాని టోనీ బ్లెయిర్ మంత్రివర్గంలో ఆ పాదం ప్రస్తావన తెచ్చారని వార్తలు వచ్చాయి. అదే వార్డులో కిటికీ పక్క మంచం మీద తుంటి ఎముక విరిగిన ఒక పెద్దావిడ ఉండేది. నేనున్నన్ని రోజుల్లో ఆమెను చూడటానికి ఒక్క మనిషీ రాలేదు. ఆ పక్క వరుసలో నలుగురు మగవాళ్లు తమకు ఎన్నడూ పరిచయం లేని ఒక ధనవంతుడి కాలి గురించి అన్నదమ్ముడి కాలి గురించి మాట్లాడినట్టు మాట్లాడుకునేవారు. తెలియని మనిషి బాధ మీద ఇంత ప్రేమ ఒలకబోసేవాళ్లు పక్క మంచాన్ని ఎందుకు చూడరని నేను రాత్రులు నా గదిలో కూర్చుని మనసులోనే వాదించేదాన్ని. మన దగ్గరైతే ఆవిడ మంచం చుట్టూ చుట్టాలు నిలబడటానికి చోటుండేది కాదని, ఎవరో ఒకరు క్యారియర్‌తో వచ్చేవారని అనుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే అది నిజమే గానీ, ఆ పోలిక పట్టుకుని వేలాడటానికి నా పాదం నొప్పి కూడా ఒక కారణమని తెలుస్తోంది.

ఒక విషయం మాత్రం అప్పుడే ఒప్పుకోవలసి వచ్చింది. వాళ్లు ఊరికే మాట్లాడటం లేదు, నేర్చుకుంటున్నారు. స్ట్రెచర్లు తోసే పోర్టర్ యునైటెడ్ వీరాభిమాని. అతను ఎక్స్‌రే బల్ల దగ్గర నిలబడి, రెండో ఎముక త్వరగా అతుకుతుందా, ఐదోది త్వరగా అతుకుతుందా అని జూనియర్ డాక్టరును అడుగుతుంటే విన్నాను. అది నర్సింగ్ విద్యార్థులు అడగవలసిన ప్రశ్న. చిటికెన వేలి వెనక ఐదో ఎముక మొదలుకు కాస్త ముందు ఒక చోట రక్తప్రసారం తక్కువ. అక్కడ విరిగితే అతకడం ఆలస్యం, ఆటగాళ్లకైతే తరచు స్క్రూ వేస్తారు. దానికి జోన్స్ ఫ్రాక్చర్ అని పేరు. లివర్‌పూల్ సర్జన్ సర్ రాబర్ట్ జోన్స్ నాట్యం చేస్తూ తన కాలికే ఆ దెబ్బ తగిలించుకుని, 1902లో దాని గురించి వ్యాసం రాశారు. రెండో ఎముక అలా కాదు. పొడుగైనది, మొదలు దగ్గర చుట్టూ ఉన్న ఎముకల మధ్య గట్టిగా ఇరుక్కుని ఉంటుంది, కదలిక తక్కువ. దెబ్బ తగిలితే విరుగుతుంది గానీ సాధారణంగా ఆపరేషన్ లేకుండానే అతుకుతుంది. ఆ ఏప్రిల్‌లోనే యునైటెడ్ ఆటగాడు గ్యారీ నెవిల్ పాదంలోనూ, తర్వాత లివర్‌పూల్ ఆటగాడు డానీ మర్ఫీ పాదంలోనూ ఎముకలు విరిగి ఇద్దరూ ప్రపంచ కప్పుకు దూరమయ్యారు. మెటాటార్సల్ అన్న మాట నేను చదువుకున్న పుస్తకంలోంచి లేచి వచ్చి టీ బండి చుట్టూ తిరుగుతున్నట్టుండేది.

సిస్టర్ నన్ను ఆ రోజే ఎక్స్‌రేకు పంపింది. ఫిల్ము వెలుగు మీద పెట్టి డాక్టరు చూపించినప్పుడు, కుడి పాదంలో రెండో మెటాటార్సల్ చుట్టూ పొగమంచులాంటి కొత్త ఎముక కనిపించింది. పగిలి మూడు వారాలై ఉంటుందని, నేను నడుస్తూనే ఉన్నా అది తనంతట తాను అతుక్కోవడానికి ప్రయత్నిస్తోందని ఆయన అన్నారు. దెబ్బ తగలకుండా, ఎక్కువ నడక వల్ల వచ్చే పగులు అది. మార్చ్ ఫ్రాక్చర్ అంటారు. కవాతులు చేసే సైనికుల పాదాల్లో మొదట గమనించారు కాబట్టి ఆ పేరు. మొదటి రెండు వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా. ఆ ఎముక పేరు విన్నప్పుడు ఏడుపు వచ్చింది. నొప్పికి కాదు, అడాప్టేషన్ ఎన్ని వారాలు వెనక్కి పోతుందోనని.

ఆ కబురు వార్డులో గంటలో పాకింది. అక్కడ కిటికీకి ఎదురుగా ఒక పెద్దాయన ఉండేవారు. మోకాలి కింది ఎముక విరిగి, గాయం చీము పట్టి, కాలి చుట్టూ ఇనుప చట్రం బిగించుకుని ఏప్రిల్ నుంచి మంచం మీదే ఉన్నారు. యునైటెడ్ కాదు, ఊళ్లోని మరో జట్టు మాంచెస్టర్ సిటీ అభిమాని. ఆయన నన్ను పిలిచి, ఇక్కడి పెద్దవాళ్లు అందరినీ పిలిచే 'లవ్' అన్న మాటతోనే, "ఏ ఎముక?" అని అడిగారు. రెండోది అన్నాను. "బెక్‌హమ్‌దీ రెండోదే. ఏ కాలు?" అని అడిగి, కుడి అని తెలుసుకుని, "మరి నువ్వు దాని మీద మూడు వారాలు నడిచావా?" అన్నారు. ఆ గొంతులో మెచ్చుకోలు ఉంటుందనుకున్నాను. లేదు.

పొద్దున సిస్టర్ అన్న మాట ఇంకా మండుతూనే ఉంది కాబట్టి నేను ఊరుకోలేకపోయాను. ఆ వారమే తమ్ముడు ఫోన్‌లో చెప్పిన సంగతి ఆయనకు చెప్పాను. ఆంటిగ్వా టెస్టులో బ్యాటింగ్ చేస్తుండగా మెర్విన్ డిల్లన్ బంతి తగిలి అనిల్ కుంబ్లే దవడ ఎముక విరిగింది. తల చుట్టూ కట్టు కట్టుకుని మళ్లీ మైదానంలోకి వచ్చి పద్నాలుగు ఓవర్లు వేశాడు. బ్రయాన్ లారాను ఔట్ చేశాడు. మా దేశంలో ఆటగాడంటే అలా ఉంటాడని, నొప్పి ఉందని పని వదిలిపెట్టడం మాకు అలవాటు లేదని గర్వంగానే అన్నాను. పెద్దాయన శ్రద్ధగా విన్నారు. లారాను ఎలా ఔట్ చేశాడని అడిగారు. ఎల్‌బీడబ్ల్యూ అంటే తల ఊపారు. "తర్వాతేం చేశాడు?" అన్నారు. మర్నాడే ఆపరేషన్‌కు ఇంటికి విమానం ఎక్కాడని చెప్పాను. "అదీ సరైన పని" అన్నారు.

ఆ తర్వాత ఆయన బెర్ట్ ట్రాట్‌మన్ గురించి చెప్పారు. జర్మన్ సైనికుడు, యుద్ధఖైదీగా ఇంగ్లండ్‌కు వచ్చి, విడుదలయ్యాక ఇక్కడే ఉండిపోయినవాడు. 1949లో సిటీ అతన్ని గోల్‌కీపర్‌గా తీసుకుంటే వేలమంది వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. 1956 మే 5న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పోటీ ఎఫ్.ఏ. కప్ ఫైనల్లో, బర్మింగ్‌హమ్ సిటీ మీద, ఇంకా పదిహేడు నిమిషాల ఆట ఉండగా ఎదుటి ఆటగాడి మోకాలు తగిలి అతని మెడ ఎముక విరిగింది. విరిగిందని తెలియకుండానే చివరిదాకా గోల్ కాపాడాడు. సిటీ 3-1తో గెలిచింది. కొన్ని రోజుల తర్వాత గానీ ఎక్స్‌రేలో బయటపడలేదు. వలస వచ్చినవాడు, ఊరంతా వద్దన్నవాడు, విరిగిన మెడతో నిలబడి ఊరి మనసు గెలుచుకున్న కథ అది. నా పక్షాన ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదని నేను అనుకుంటుండగా పెద్దాయన అన్నారు: "అప్పట్లో బదులు ఆటగాడు ఉండేవాడు కాదు. ఆ నియమం ఈ దేశంలో 1965 దాకా రాలేదు. అతను బయటికి వెళ్తే గోల్ కాయడానికి మరో ఆటగాడు నిలబడాలి, జట్టు పదిమందితో ఆడాలి. అందుకని నిలబడ్డాడు. నీకు బదులు మనిషి ఉంది కదా?"

ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. ఇన్నేళ్లుగా చెప్పుకుంటూనే ఉన్నాను. ఉంది నిజమే, ఆ రోజు సాయంత్రానికే బ్యాంకు నర్సు, అంటే అవసరమైనప్పుడు పిలిచే నర్సు, ఒకామె నా షిఫ్టులోకి వచ్చింది. కానీ బదులు మనిషి ఉంటుందన్న ఊహ లేని ఇంట్లో పెరిగాను నేను. జ్వరం వచ్చిన రోజు కూడా పొయ్యి దగ్గర అమ్మే ఉండేది, ఆమె పని అందుకునేవాళ్లు లేరు కాబట్టి. దాన్ని మేము ఓర్పు అని పొగిడాం. ఇక్కడివాళ్లు ఆ ఓర్పును తక్కువ చేసి చూస్తున్నారని నాకు కోపం. ఈ ఓర్పు లేకపోతే ఇంటికి డబ్బు పంపి, అప్పు తీర్చి, పరాయి దేశంలో ఒంటరి గదిలో పడుకుని మర్నాడు మళ్లీ లేచి వెళ్లగలమా? వెళ్లలేం. ఆ మాట ఇప్పటికీ అంటాను. అయితే నా భుజం మీద బరువు వేసి నడుస్తున్న ముసలావిడకు నా ఓర్పుతో సంబంధం లేదని, ఆమెకు కావలసింది జారని పాదమని సిస్టర్ చెప్పినప్పుడే నాకు అర్థమై ఉండాలి.

రెండు వారాలు సెలవు, ఆ తర్వాత గట్టి అడుగున్న బూటుతో వార్డు బల్ల దగ్గర కూర్చునే పని. ఫోన్లు, కేసు షీట్లు. అడాప్టేషన్ గంటల్లో ఏవి లెక్కకు వస్తాయో, ఏవి రావో సిస్టరే నా మెంటర్‌తో కూర్చుని రాసిపెట్టింది; చివరికి వెనక్కి పోయింది ఐదు వారాలు. నేను తిరిగి వచ్చిన రోజు నుంచి వార్డులో రెండు పాదాల లెక్క నడిచింది. పోర్టర్ పొద్దున్నే వచ్చి బెక్‌హమ్ సాధన చేస్తున్నాడా లేదా చెప్పి, ఆ వెంటనే నా పాదం వాపు ఎలా ఉందని అడిగేవాడు. అతను అంత సులువుగా అడగగలిగింది అన్ని వారాలు ఆ ఎముక గురించి మాట్లాడి ఉండటం వల్లనేనని నాకు అనిపించింది. అంతకు ముందు నెలల్లో ఆ వార్డులో ఎవరూ నా ఆరోగ్యం గురించి అడిగింది లేదు, నేను అడగనిచ్చిందీ లేదు. ఒకరోజు పెద్దాయన ఆ కిటికీ పక్క పెద్దావిడ గురించి కూడా, "ఆమెను చూడటానికి ఎవరూ రావడం లేదేం?" అని నన్నే అడిగారు. నేను చూడరనుకున్నది వాళ్లు చూస్తూనే ఉన్నారు.

జూన్ 7 శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు అర్జెంటీనాతో ఆట. రోగులు కూర్చునే డే రూమ్‌లోకి చక్రాల కుర్చీలు, చట్రాలు, సెలైన్ స్టాండ్లు అన్నీ చేరాయి. విరామానికి ముందు బెక్‌హమ్ పెనాల్టీ కొట్టి గోల్ చేశాడు. అదొక్కటే గోల్. కాలు నేల మీద పెట్టకూడనివాళ్లు లేవబోతే ఆపడానికి సిస్టర్‌తో సహా అందరం అటూ ఇటూ తిరిగాం.

రెండు వారాల తర్వాత, జూన్ 21 పొద్దున బ్రెజిల్‌తో క్వార్టర్ ఫైనల్. ఇంగ్లండ్ 1-0తో ముందుంది. మొదటి సగం ముగియబోతుండగా పక్క గీత దగ్గర బంతి కోసం ఇద్దరు బ్రెజిల్ ఆటగాళ్లు కాళ్లు చాచి దూసుకొచ్చారు. బెక్‌హమ్ పైకి ఎగిరి తప్పుకున్నాడు. బంతి చేజారి, క్షణాల్లో రివాల్డో గోల్ చేశాడు. చివరికి ఇంగ్లండ్ 2-1తో ఓడింది. పోర్టర్ గోడను కొట్టాడు. పూర్తిగా కోలుకోనివాణ్ని ఎందుకు ఆడించారని ఒకరు, కెప్టెన్ అలా తప్పుకోవచ్చా అని మరొకరు అరుచుకున్నారు. పెద్దాయన మాత్రం నా వైపు తిరిగి, "నువ్వయితే ఎగిరేదానివా?" అని అడిగారు. ఆ వారమే కారిడార్‌లో తడి నేల చూసి నేను కుడి కాలు పైకెత్తి ఎడమ కాలి మీద ఆగిపోయిన సంగతి గుర్తొచ్చి, ఎగిరేదాన్నే అన్నాను.

ఆ ఆదివారం ఫోన్ కార్డులో ఇంకా పన్నెండు నిమిషాలు మిగిలి ఉండగా అమ్మకు చెప్పాను. ఎముక పగిలిందని, రెండు నెలలు అవుతోందని, ఇప్పుడు తగ్గిందని ఒకే గుక్కలో చెప్పేశాను. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని తిడుతుందనుకున్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏ కాలమ్మా?" అని అడిగింది.

కుడి కాలు, రెండో వేలి వెనక ఎముక అని చెప్పాను.