కడప ఎండలో ఉప్పునీటి ట్యాంకు: నాచును అదుపు చేసిన నా అనుభవం

కడపలో మా ఇంటి ముందు గదిలో 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు ఉంది. ఇటుకలతో దిమ్మె కట్టించి, పైన కడప బండ పరిచి, దాని మీద నిలబెట్టాను. నీళ్లలో జొయాంతస్ గుత్తులు (పూలలా విచ్చుకునే, పగడాలకు దగ్గరి జీవులు), మష్రూమ్ కోరల్స్ అనే మెత్తటి పగడాల్లాంటివి, హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జంట ఉన్నాయి. హార్డ్ కోరల్స్, అంటే గట్టి అస్థిపంజరం ఉండే పగడాల జోలికి పోలేదు. 2001 నుంచి అవి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులి ఉన్నదీ ఆ షెడ్యూల్‌లోనే. సముద్రంలోంచి తీసిన రాయి కూడా వద్దనుకుని సిరామిక్‌తో చేసిన కృత్రిమ రాయి తెప్పించుకున్నాను.

కృత్రిమ రాయి మీద మొదట్లో ఏ జీవమూ ఉండదు. విత్తనం వేయకుండా వదిలేసిన చేనులో వాన పడగానే ముందు కలుపు మొలిచినట్టు, ఆ ఖాళీ రాయి మీద ముందు నాచే పట్టుకుంటుంది. బాక్టీరియా వల్ల అమ్మోనియా నైట్రైట్‌గా, నైట్రైట్ నైట్రేట్‌గా మారే చక్రం కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అది పూర్తయ్యే సమయానికి ఇసుక మీద, అద్దం మీద గోధుమ రంగు పొడి పేరుకుంది. వేలితో రాస్తే చెదిరిపోయేది, సాయంత్రానికి మళ్లీ వచ్చేది. ఇవి డయాటమ్‌లు, కంటికి కనిపించనంత చిన్న నాచు. వాటి పెంకు సిలికాతో తయారవుతుంది కాబట్టి నీళ్లలో సిలికా ఉన్నంతకాలం ఉంటాయి, అది అయిపోతే తగ్గుతాయి. కొత్త ట్యాంకులో ఇది మామూలేనని అందరూ చెప్పారు. నేనూ ఓపిక పట్టాను.

మా దగ్గర మాత్రం అవి తగ్గలేదు. పైగా రాళ్ల అంచున పచ్చని పోగులు మొదలై, చూస్తుండగానే అంగుళం పొడవు పెరిగాయి. వెంట్రుకల నాచు అంటారే, అది. జొయాంతస్ గుత్తుల మధ్యలోకి చొచ్చుకుపోయి వాటిని విచ్చుకోనివ్వలేదు. ఒక పక్క గుత్తి వరుసగా కొన్ని రోజులు మూసుకునే ఉండిపోయింది. దాన్ని చూస్తే నిజంగా టెన్షన్‌గా ఉండేది.

ఒక అంగడిలో నాచు చంపే మందు సీసా చేతిలో పెట్టారు. నేను తీసుకోలేదు. నాచు చచ్చినా అది తిన్న నైట్రేట్, ఫాస్ఫేట్ ట్యాంకులోనే మిగులుతాయి. కుళ్లేటప్పుడు నీళ్లలోకి తిరిగి వస్తాయి, వాటి మీద మళ్లీ నాచే పెరుగుతుంది. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది దానికి తిండి ఎక్కడినుంచి అందుతోందన్నది.

టెస్ట్ కిట్‌లో ఫాస్ఫేట్ సున్నా చూపించింది, నైట్రేట్ కూడా దాదాపు అంతే. ట్యాంకు నిండా పచ్చదనం ఉంటే ఫాస్ఫేట్ లేదంటే ఎట్లా నమ్మేది? బెంగళూరులో చాలా ఏళ్లుగా రీఫ్ ట్యాంకులు (ఇలా పగడాలుండే ఉప్పునీటి ట్యాంకులు) పెడుతున్న ఒకాయన ఉన్నారు, నేను అన్నా అని పిలుస్తాను. ఫోన్ చేస్తే ఆయన ఒకే మాట అడిగారు: "నాచు తినేశాక మిగిలిన నీళ్లనే కదా నువ్వు కొలిచేది?" అప్పుడు అర్థమైంది. కిట్ చూపించేది నీళ్లలో మిగిలిందాన్నే. వచ్చిందాన్ని వచ్చినట్టు నాచు లాగేసుకుంటుంటే అంకె సున్నా దగ్గరే ఉంటుంది.

చేపల మేత సంగతి ముందు చూశాను. గడ్డకట్టించిన మేతను కరిగించి, టీ వడపోసే జాలిలో వేసి ఆర్ఓ నీళ్లతో కడిగాకే వేయడం మొదలుపెట్టాను. ఆ కరిగిన రసంలో ఫాస్ఫేట్ చాలానే ఉంటుంది. రెండు చిన్న చేపలకు రెండు నిమిషాల్లో తినేంత చాలు. కొంత మార్పు వచ్చింది కానీ పచ్చదనం వెనక్కి తగ్గలేదు.

అసలు దారి చూపించింది మా అమ్మ. మే నెల, బయట 40 దాటిన ఎండ. నీళ్లు 27 డిగ్రీలు దాటకుండా ట్యాంకు పైన ఫ్యాన్లు తిప్పుతున్నాను. నేను క్యాను వంచి నీళ్లు పోస్తుంటే అమ్మ చూసి, "దినామూ ఇన్ని నీళ్లు పోస్తాండావు, అవి యాడికి పోతాండాయి నాయనా?" అంది.

ఆవిరైపోతున్నాయి. మన ఎండాకాలపు పొడిగాలికి, పైన ఫ్యాను కూడా తోడైతే, నా ట్యాంకులో రోజుకు సుమారు 6 లీటర్లు ఎగిరిపోయేవి. అంటే నెలకు 180 లీటర్లు, దాదాపు ట్యాంకు మొత్తం. ఆవిరయ్యేది నీరు ఒక్కటే. దాంతో వచ్చిన లవణాలు, సిలికా, నైట్రేట్, ఫాస్ఫేట్ అన్నీ లోపలే ఉండిపోతాయి. క్యాను నీళ్లలో టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) పెడితే 70 చూపించింది. తాగడానికి అది మంచి నీరే, రుచి కోసం కొంత ముడి నీరు కలిపే ప్లాంట్లూ ఉన్నాయి. కానీ లీటరుకు 70 మిల్లీగ్రాములంటే 180 లీటర్లకు 12 గ్రాములు దాటుతుంది. అందులో ఎక్కువ భాగం కాల్షియం లాంటివే అయినా, మిగిలిన కొంచెం నాచుకు ధారాళంగా సరిపోతుంది. సముద్రం ఒడ్డున తేమగాలి ఉన్న ఊళ్లో ఇంత ఆవిరి ఉండదు. రాయలసీమలో రీఫ్ ట్యాంకు పెట్టేవాళ్లు అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఈ పైన పోసే నీళ్లేనని నా గట్టి నమ్మకం.

ఇంటి ఆర్ఓ మెషీన్‌కు ఉన్న, ముడి నీరు కలిపే టీడీఎస్ కంట్రోలర్ మూయించి, మినరల్ కార్ట్రిడ్జ్ తీయించి, మిగిలిన లవణాలనూ పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి చివర బిగించాను. తాగే నీళ్లకు వేరే కొళాయి పెట్టించాను, ఎందుకంటే రెసిన్ దాటిన నీళ్లు ట్యాంకుకే. మీటరులో సున్నా వచ్చింది. ఒక విషయం తెలిసి ఉండాలి: రెసిన్ అరిగిపోయే దశలో అన్నిటికంటే ముందు జారిపోయేది సిలికా. దాన్ని టీడీఎస్ మీటరు సరిగా పట్టుకోలేదు. అంకె సున్నానే ఉంటుంది, అద్దం మీద గోధుమ పొడి మళ్లీ కనిపిస్తుంది. అందుకే రంగు మారే రెసిన్ కొని, రంగు పూర్తిగా మారేదాకా ఆగకుండా ముందే మారుస్తున్నాను. మా బోరు నీళ్ల కాఠిన్యానికి అది త్వరగానే అయిపోతుంది. ఈ ఖర్చు తప్పదు.

తిండి తగ్గినంత మాత్రాన ఉన్న నాచు పోదు, చేత్తో తీయాల్సిందే. ట్యాంకు నీళ్లే పట్టిన బకెట్లో ఒక్కో రాయిని పెట్టి, గట్టి టూత్‌బ్రష్‌తో రుద్దాను. పోగును వేళ్లతో పట్టుకుని మొదలు దగ్గర నుంచి మెలితిప్పి లాగితే చాలావరకు రాతిని పట్టుకున్న భాగంతో సహా వస్తుంది. పైపైన తెంపితే నాలుగు రోజుల్లో మళ్లీ అంతే. లాగుతుంటే ఆ పోగుల మధ్య నుంచి చిన్న రొయ్యపిల్లల్లాంటివి, యాంఫిపాడ్‌లు, దూకి పారిపోయేవి. వాటిని చూశాక బకెట్ నీళ్లు పారబోసే ముందు ఓపిగ్గా వడకట్టి వాటిని తిరిగి వేసేవాణ్ని. ట్యాంకు లోపలే రుద్దితే తెగిన ముక్కలు కొట్టుకుపోయి ఇంకో రాయి మీద అంటుకుంటాయి. కదపలేని రాయి దగ్గర మాత్రం ఒక చేత్తో లాగుతూ, రెండో చేత్తో సైఫన్ పైపు అక్కడే పెట్టి పీల్చేశాను. లైటు వెలిగే సమయాన్ని రోజుకు 10 గంటల నుంచి 7 గంటలకు తగ్గించి, తెల్లకాంతి బాగా దించి నీలికాంతి ఉంచాను.

పచ్చదనం తగ్గుతుంటే వెనక మూలలో ముదురు ఎర్రటి పొర వచ్చింది. పగలంతా బుడగలతో మందంగా ఉండేది, తెల్లారేసరికి పలచబడేది, పీకితే ఒకే ముక్కగా లేచి వచ్చేది. ఇది సయానోబాక్టీరియా, నాచు కానే కాదు. యాంటీబయాటిక్ వేస్తే ఒక్క రాత్రిలో పోతుందన్నారు. అమ్మోనియాను మార్చే మంచి బాక్టీరియాకూ దెబ్బ తగలవచ్చని నేను ఒప్పుకోలేదు. ఆ మూలకు నీటి ప్రవాహం అందడం లేదని చూసి, నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ దిశ మార్చి, పొరను సైఫన్‌తో తీసేస్తూ వచ్చాను. కరెంటు పోయినప్పుడు ప్రవాహం ఆగకుండా దాన్ని ఇన్వర్టర్‌కు కలిపాను. కొన్ని వారాలకు ఆ మూల ఇసుక తెల్లగా తేలింది.

ఫాస్ఫేట్ లాగేసే ఐరన్ ఆక్సైడ్ రేణువులు కూడా వాడాను, చెప్పిన మోతాదులో సగం కంటే తక్కువ. ఫాస్ఫేట్ ఒక్కసారిగా సున్నాకు దిగితే కోరల్స్ తట్టుకోలేవు. పైగా నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ లేని నీళ్లలో డైనోఫ్లాజెల్లేట్‌లు అనే ఏకకణ జీవులు విజృంభిస్తాయి. గోధుమ రంగు జిగురు తీగలు, వాటి చివర గాలి బుడగలు. వాటి విషానికి నత్తలు చనిపోవడమూ ఉంది. అందుకే సున్నా కోసం ప్రయత్నించలేదు. ఇప్పుడు నైట్రేట్ 5 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం దగ్గర ఉంచుతున్నాను. నీళ్లలో ఫాస్ఫేట్ తగ్గేకొద్దీ రాయిలో ఇంకినది బయటికి వస్తూ ఉంటుంది, కాబట్టి అంకె మెల్లగానే దిగుతుంది. నిదానమే నయం.

సంప్‌లో, అంటే ట్యాంకు నీళ్లే తిరిగే కింది తొట్టిలో, కీటోమార్ఫా అనే మంచి నాచును పెంచుతున్నాను. పైన లైటు ఆరాక దానికి లైటు వెలుగుతుంది. పోషకాలను అది తీసుకుంటుంది, గుప్పెడు పెరగ్గానే కోసి బయట పడేస్తాను. రాత్రిపూట పీహెచ్ పడిపోకుండా కూడా ఇది సాయపడుతుంది.

నత్తల కోసం చెన్నై కొళత్తూరుకు పోయాను. అలంకరణ చేపల అంగళ్లు వరసగా ఉండే చోటు అది. అక్కడ పెద్ద ట్రోకస్ గవ్వలు చూపిస్తే వద్దన్నాను, వాటిలో చట్టం రక్షణలో ఉన్న జాతి ఉంది. చిన్న సెరిత్ నత్తలు, కొన్ని హెర్మిట్ పీతలు తీసుకున్నాను. సెరిత్ బోర్లా పడినా తనంతట తాను తిరగగలదు, రాత్రి ఇసుకలోనూ మేస్తుంది. థర్మోకోల్ పెట్టెలో పెట్టుకుని రైల్లో తెచ్చి, సన్న పైపుతో చుక్కచుక్కగా మా ట్యాంకు నీళ్లు కలుపుతూ గంటకు పైగా అలవాటు చేశాక వదిలాను. ఉప్పు శాతంలో తేడా వస్తే నత్తలు చేపల కంటే ముందు పోతాయి.

నాచు బాగా ఉన్నప్పుడు నత్తలు తెచ్చుంటే అవి ఆ పొడుగు పోగులను ముట్టేవి కావు. చేత్తో తీశాక మిగిలిన పలచటి పచ్చదనాన్నే అవి శుభ్రంగా గీకి తింటాయి. ఇప్పుడు ముందు అద్దం నేను తుడుస్తాను, వెనక అద్దం వాటికి వదిలేశాను. రాళ్ల మీద కోరలైన్ అనే గట్టి పొరలాంటి మంచి నాచు గులాబీ రంగు మచ్చలుగా మొదలయింది. మూసుకుపోయిన ఆ జొయాంతస్ గుత్తి విచ్చుకుని, పక్కన కొత్త మొగ్గలు వేసింది. ఉగాది దాటగానే ఫ్యాన్లు మళ్లీ తిరుగుతాయి కాబట్టి కొత్త రెసిన్ ముందే తెప్పించి పెట్టుకున్నాను.