నాలుగు వాట్లకు సరిజోడు: ఎడమ చానల్ పాడింది

అమలాపురంలో మా ఇంటి మేడ గదిలో చేస్తున్న వాల్వు (గాజు వాక్యూమ్ ట్యూబు) ఆంప్లిఫయర్ ఎడమ చానల్ నిన్న రాత్రి పాడింది. ముందు ఈసీసీ83లో సగం (ఒకే గాజులో రెండు వాల్వులుంటాయి), వెనక పవర్ ఇచ్చే వాల్వు ఒక్క ఈఎల్84. వచ్చేది నాలుగు వాట్లే.

బీ ప్లస్ (వాల్వులకు ఇచ్చే హై వోల్టేజి డీసీ) 262 వోల్టులు, క్యాథోడ్‌లో 150 ఓమ్‌ల రెసిస్టర్ మీద 7.2 వోల్టులు, అంటే 48 మిల్లీఆంపులు. స్క్రీన్ (వాల్వులోని ఒక గ్రిడ్) వాటా తీసేస్తే ప్లేటు (కరెంటు చేరే రేకు) మీద వేడిగా పడేది పదిన్నర వాట్లు. ఈ వాల్వు 12 దాకా ఓర్చుకుంటుంది. అర్ధరాత్రి మా వీధిలో కరెంటు 245 వోల్టులు దాటుతుంది కాబట్టి ఆ మాత్రం వెసులుబాటు ఉంచాను.

ఎక్కువ రోజులు తిన్నది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే. మోటార్లు చుట్టే షాపులో 5 కిలోఓమ్‌లకు 8 ఓమ్‌ల లెక్కన, అంటే 25కు 1 చుట్లతో చుట్టించాను. మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌లాగే స్టాంపింగులు (కోర్‌లో పేర్చే ‘ఈ’, ‘ఐ’ ఆకారపు ఇనుప రేకులు) అటొకటి ఇటొకటి పేర్చి ఇచ్చారు. ‘సందు వదిలితే హోరెత్తిపోద్దండీ బాబూ’ అన్నాడాయన. కానీ ఒక్క వాల్వు ఆంప్లిఫయర్‌లో ప్రైమరీ (వాల్వు వైపు చుట్ట) గుండా డీసీ ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. సందు లేకపోతే కోర్ అయస్కాంతత్వంతో నిండిపోయి కింది స్వరాలు చితికిపోతాయి. ఇంటికి తెచ్చి అన్నీ విప్పి, ‘ఈ’లన్నీ ఒకవైపు, ‘ఐ’లన్నీ ఒకవైపు పేర్చి, మధ్యలో 0.1 మిల్లీమీటరు కాగితం పెట్టాను. ప్రైమరీకి 12 వోల్టుల ఏసీ ఇస్తే సెకండరీలో (స్పీకర్ వైపు చుట్ట) 0.48 చూపించింది. ఆ అంకె చూశాక ప్రాణం లేచొచ్చింది.

స్పీకర్ దగ్గర అసలు పాఠం నేర్చుకున్నాను. ముందు తగిలించింది 86 డీబీల (ఒక వాటుకు స్పీకర్ ఇచ్చే మోత) చిన్న పెట్టె. పాట గొంతులోనే ఉండిపోయినట్టు వినిపించింది. తర్వాత 95 డీబీల 8 అంగుళాల పేపర్ కోన్ పెట్టాను. తేడా 9 డీబీలు, అంటే ఎనిమిది రెట్ల పవర్. ఈ నాలుగు వాట్ల మోత ఆ చిన్న పెట్టెలో రావాలంటే 32 వాట్లు పోయాలి! ఓమ్‌లూ కుదరాలి. 8 ఓమ్‌ల సెకండరీకి 4 ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే వాల్వుకు 5 కిలోఓమ్‌ల బదులు రెండున్నరే కనిపిస్తుంది.

స్పీకర్ ఉన్న ప్లైవుడ్ పెట్టెలో మోత తగ్గాలని రెండు రోజులు ఎండబెట్టిన కొబ్బరి పీచు, పాత నూలు పంచెలో మూటగట్టి సర్దాను. అయినా మృదంగం తొప్పి దెబ్బ ఒకదాని మీదొకటి పడి బుంయ్‌మని సాగేది. సెకండరీ నుంచి ఈసీసీ83 క్యాథోడ్‌కు ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చిన సిగ్నల్లో కొంత వెనక్కి) ఇచ్చాను. మొదట కూత పెట్టింది. ప్రైమరీ వైర్లు అటూ ఇటూ మార్చితే ఆగింది. ఇప్పుడు ఏ దెబ్బకాదెబ్బ విడిగా, చర్మం మీద అరచెయ్యి ఆనినట్టు వినిపిస్తోంది. నిన్న రాత్రి అదే కీర్తన నాలుగుసార్లు విన్నాను.

చేయబోయేవాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోండి. స్పీకర్ తగిలించకుండా ఆన్ చెయ్యొద్దు. ఆఫ్ చేశాక కూడా కండెన్సర్లో 260 వోల్టులు నిలిచి ఉంటాయి. నేను 100 కిలోఓమ్‌ల, 2 వాట్ల రెసిస్టర్ ఆ వోల్టులు కారిపోయేలా కండెన్సర్‌కు అడ్డంగా వేశాను. అయినా మీటర్ పెట్టి చూడందే లోపల చెయ్యి పెట్టను.

కుడి చానల్ ట్రాన్స్‌ఫార్మర్ ఆదివారం వస్తుంది. ఈసారి స్టాంపింగులు పేర్చకుండా విడిగానే ఇమ్మన్నాను.