ఆరుద్ర కోసం ప్రత్తిపాడు దాకా

విజయవాడలో చుక్కలు చూడాలనుకోవడం అత్యాశ. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ దీపాలూ ప్రకటనల బోర్డులూ కలిసి రాత్రి ఆకాశాన్ని పెసరపప్పు రంగులోకి తెచ్చేశాయి. మా మేడ మీద నుంచి ఎంత లెక్కపెట్టినా పదిహేనుకు మించవు. అందుకే ఆరుద్ర నక్షత్రాన్ని చీకటి ఆకాశంలో చూద్దామని మాఘ అమావాస్య నాడు ప్రత్తిపాడు దగ్గర మా మేనమామగారి మిరప కల్లానికి బయలుదేరాను. బస్సు ప్రయాణం గురించి చెప్పుకోవలసిందేమీ లేదు గానీ, దిగాక మూడు కిలోమీటర్ల డొంకదారికి ఆటో అబ్బాయి మూడు వందలు అడిగాడు. విజయవాడ నుంచి అక్కడిదాకా నాకైన ఖర్చు అంతకంటే తక్కువ. చీకట్లో బేరమాడే ధైర్యం లేక ఇచ్చుకున్నాను.

ఈ పట్టుదల వెనక ఒక పాత బాకీ ఉంది. 1987 ఫిబ్రవరిలో పెద్ద మాజిలాన్ మేఘం అనే పొరుగు గెలాక్సీలో ఒక నక్షత్రం పేలిందనీ, 1604లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ చూసినదాని తరవాత మామూలు కంటికి అంత స్పష్టంగా కనిపిస్తున్న సూపర్‌నోవా ఇదేననీ విని, మా నాన్నగారు గుంటూరు బ్రాడీపేటలో మా డాబా మీద నన్ను దక్షిణం వైపు నిలబెట్టి వారం రోజులు వెతికించారు. నేనప్పుడు ఏడో తరగతి. ఏమీ కనిపించడం లేదంటే లోపం నా కళ్ళదేనని తీర్మానించి, కంటి డాక్టరు దగ్గరికి కూడా తీసుకువెళ్ళారు. ఈమధ్య కాగితం మీద లెక్క వేసుకుంటే అసలు సంగతి బయటపడింది. గుంటూరు అక్షాంశం 16.3 డిగ్రీలు, ఆ పేలుడు జరిగిన చోటు ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు) దక్షిణంగా 69 డిగ్రీల దూరాన ఉంది, కనుక అది ఎంత పైకి వచ్చినా మన దిఙ్మండలం నుంచి నాలుగున్నర డిగ్రీలు మించదు. దానిని దాచడానికి ఎదురింటి పిట్టగోడ చాలు. పైగా మే నెలలో దాని కాంతి పతాకస్థాయికి చేరేనాటికి మనకు పొద్దుండగానే అస్తమించేది. నాకు కళ్ళజోడు మాత్రం శాశ్వతమైంది.

నేను చేరేసరికి మామయ్య కాయలు మంచుకు తడవకుండా కుప్పకు ఎగదోసి పట్టా కప్పుతున్నారు. ఘాటుకు వరసగా ఆరు తుమ్ములు తుమ్మాను. ఎనిమిది గంటలకు ఆరుద్ర దాదాపు నడినెత్తికి వచ్చింది. మృగవ్యాధుడి (ఒరయన్ నక్షత్రరాశి) భుజం మీద, తెల్లటి పొరుగు చుక్కల నడుమ, రంగు పోయిన తాలు కాయ కంటే ఎరుపుగా, కొత్త తేజ రకం కాయ కంటే వెలిసి కనిపించింది; కచ్చితంగా చెప్పాలంటే, రెండేళ్ళు కోల్డ్ స్టోరేజీలో పడి ఉన్న కాయ రంగు. 2019 చివరి నుంచి 2020 ఫిబ్రవరి దాకా ఈ చుక్క వెలుగు మామూలులో మూడో వంతుకు కాస్త పైన నిలిచేంతగా పడిపోయినప్పుడు, ఇక పేలుతుందేమోనని నేను రోజూ మేడ ఎక్కి చూశాను. అది తనలోంచి ఎగజిమ్మిన పదార్థం చల్లారి, ధూళిగా మారి, దానికే అడ్డుపడిందని తరవాత తేల్చారు.

“ఆరుద్ర అంటే కార్తె కదరా, చుక్కేమిటి?” అన్నారు మామయ్య. ఆయనకు ఆరుద్ర అంటే తొలకరి తడి, నేల మీద పాకే ఎర్రటి ఆరుద్ర పురుగులు. జూన్ 22 ప్రాంతంలో సూర్యుడు ఈ చుక్క దాపుకు చేరతాడు కనుకనే కార్తెకు ఆ పేరు వచ్చిందనీ, ఆ రోజుల్లో చుక్క మాత్రం కంటికి ఆనదనీ చెప్పాను. డెబ్బై ఏళ్ళుగా ఆ పేరుతో సేద్యం చేస్తున్న మనిషి మెడ వెనక్కి వంచి చాలాసేపు చూశారు.

ఈ చుక్క ఎప్పటికైనా పేలేదేనని చెబితే, అదెందుకు పేలుతుందని అడిగారు. ముందున్న చలిమంటనే చూపించాను. సూర్యుడికి పది రెట్లకు మించిన బరువున్న ఇటువంటి నక్షత్రం హైడ్రోజన్‌తో మొదలుపెట్టి ఒక్కొక్క ఇంధనాన్నే కాల్చుకుంటూ చివరకు ఇనుము దగ్గర ఆగుతుంది. బూడిదను ఎంత ఊదినా మంట రానట్టే ఇనుము పరమాణువుల కేంద్రకాలను ఎంత కలిపినా శక్తి పుట్టదు. అప్పుడు లోపలి గుండం సెకను కూడా పట్టకుండా తనలోకి తాను కూలిపోతే, పై పొరలు బద్దలై ఎగిరిపోతాయి. ఆరుద్రకు కాస్త ఉత్తరంగా, వృషభం కొమ్ము దగ్గర, 1054 జూలైలో చైనావారు చూసిన ‘అతిథి నక్షత్రం’ అటువంటిదే. అది 23 రోజులు పట్టపగలు కనిపించింది, రాత్రిపూట దాదాపు రెండేళ్ళు నిలిచింది. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు ఏలుతున్న కాలమది. మన వైపు రైతులు కూడా తెల్లవారుజామున నాగలి కట్టబోతూ దానిని చూసే ఉంటారని నా ఊహ. ఇప్పుడక్కడ మిగిలిన వాయుధూళి మేఘం, పీతాకార నీహారికను (క్రాబ్ నెబ్యులా) నా బైనాక్యులర్స్‌లో చూపిస్తే, “ఇదేనా, మసక మరకలా ఉందే!” అని ఆయన పెదవి విరిచారు.

ఆరుద్ర లక్ష సంవత్సరాల లోపు ఎప్పుడైనా పేలవచ్చు, రేపే కావచ్చు కూడా. పేలితే అర్ధచంద్రుడి సాటి వెలుగుతో పగలు కూడా కొన్ని నెలల పాటు కనిపిస్తుంది. ఈసారి ఎదురింటి పిట్టగోడ అడ్డు రాదని, నడినెత్తి చుక్క కనుక గుంటూరువాళ్ళకు అన్యాయం జరగదని కాస్త గొప్పగానే అన్నాను.

మామయ్య పట్టా అంచు మీద ఇటుక పెట్టి, “కార్తెలో పేలిందనుకో, మబ్బు అడ్డం రాదూ?” అన్నారు.