తల్లిని ఏడుపుతో కొలవొద్దు

కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో బాలింతకి ఉన్నట్టుండి కన్నీళ్లు ఆగవు. బిడ్డ బాగుంది, ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు, మరి నాకీ ఏడుపేమిటని ఆమెకే సిగ్గేస్తుంది. మాయ బయటపడగానే ఒంట్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ అనే హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. దానికి నిద్రలేమి, నొప్పులు తోడవుతాయి. బాలింతల్లో సగానికి పైగా మందికి ఇలాగే ఉంటుంది, రెండు వారాల్లోపు దానంతటదే సర్దుకుంటుంది.

ఈలోగా "నాకు బిడ్డను పెంచడం చేతకాదేమో" అన్న మాట మనసులో పాతుకుపోతుందే, అదీ నా బెంగ. చాలాసార్లు అది తప్పు కొలత వల్ల పుడుతుంది. పసిబిడ్డ ఏడుపు రెండో వారం నుంచి పెరిగి, ఆరో వారం ప్రాంతంలో బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకి తగ్గుతుంది. కడుపు నిండినా, గుడ్డ పొడిగా ఉన్నా, ఒళ్లోనే ఉన్నా ఏడుస్తారు. చూసుకోవలసినవి వేరే ఉన్నాయి: రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతోందా, ఐదో రోజు దాటాక 24 గంటల్లో కనీసం 6 సార్లు గుడ్డ తడుపుతోందా, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి చేరిందా. ఈ మూడూ ఉంటే, ఎవరేమన్నా మీ పాలు చాలుతున్నట్టే. పాలు ముట్టకపోయినా, మగతగా పడి ఉన్నా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్‌కి చేరినా మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఏడుపు భరించలేకపోతే బిడ్డను ఉయ్యాల్లో వెల్లకిలా పడుకోబెట్టి, ఐదు పది నిమిషాలు పక్క గదిలోకి వెళ్లండి. తప్పేం లేదు. కోపంలో బిడ్డను పట్టి కుదపడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, మెదడులో రక్తస్రావం కావచ్చు.

తల్లీబిడ్డలు ఎదురెదురుగా ఆడుకోవడాన్ని వీడియోల్లో క్షణక్షణం గమనించిన మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్‌కి, ఇద్దరూ ఒకే లయలో ఉన్న సమయం దాదాపు మూడో వంతే కనిపించింది. బిడ్డ చూపు పక్కకి తిప్పేస్తుంది. తల్లి ఇంకా పలకరిస్తూనే ఉంటుంది. కాసేపటికి గ్రహించి ఊరుకుంటుంది. బిడ్డ ఊపిరి పీల్చుకుని మళ్లీ ఆమె ముఖంలోకి చూస్తుంది. బంధం ఈ తప్పడంలో, మళ్లీ కలవడంలోనే గట్టిపడుతుంది.

భర్తతో "కాస్త సాయం చెయ్యొచ్చుగా" అంటే పని జరగదు, గొడవ జరుగుతుంది. "పదింటికి పాలు పట్టి పడుకుంటాను. మళ్లీ పాలకి లేచేదాకా బిడ్డ నీ దగ్గరే, గుడ్డలు మార్చడం, జోకొట్టడం నీదే" అని గంటతో సహా చెప్పాలి.

దేవుడిచ్చిన బిడ్డను ఎత్తుకుని కంటతడి పెట్టడం కృతజ్ఞత లేకపోవడం కాదు. ప్రార్థన ఆ రాత్రి గడవడానికి బలమిస్తుంది, నమ్మేవాళ్లు దాన్ని వదులుకోనక్కర్లేదు. కానీ రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డ నిద్రపోతున్నా మీకు కునుకు పట్టకపోతే, డాక్టరుతో చెప్పండి. బాలింతల్లో డిప్రెషన్ ఉందేమో చూడటానికి 1987లో వచ్చిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పదే ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల గురించి. 30 మార్కులకి 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్ ఉండే అవకాశం ఎక్కువ. పదో ప్రశ్న, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి జవాబు "ఎప్పుడూ లేదు" తప్ప ఇంకేదైనా అయితే మొత్తం ఎంతొచ్చిందన్నది చూడకుండా ఆ రోజే డాక్టరుని కలవాలి, ఒంటరిగా ఉండకూడదు. పాలిస్తూనే వాడుకోదగ్గ మందులున్నాయి, సెర్ట్రలిన్ అలాంటిదే. బిడ్డకి పాలు పడుతున్నానని ముందే చెప్పండి.