నాలుగు విడతల సబ్బు, మూడు ఉష్ణోగ్రతలు

ఆలివ్ నూనె 500 గ్రాములు, కొబ్బరి నూనె 300 గ్రాములు, షియా బటర్ (షియా గింజల నుంచి తీసే గట్టి కొవ్వు) 200 గ్రాములు, కాస్టిక్ సోడా 140 గ్రాములు, నీరు 280 గ్రాములు. నూనెలో సుమారు 5 శాతం సబ్బుగా మారకుండా మిగిలేలా లెక్కకట్టిన ఈ కొలతలను కదపకుండా, కలిపే వేడిని మాత్రమే మారుస్తూ వచ్చాను.

మొదటిసారి తొందరపడ్డాను. సోడాను నీటిలో కొద్దికొద్దిగా వేసినప్పుడు (సోడా మీద నీరు పోయడం ప్రమాదకరం) 80 డిగ్రీల సెల్సియస్ దాటిన ద్రావణం 55కు దిగగానే, అంతే వేడిగా ఉన్న నూనెల్లో పోశాను. హ్యాండ్ బ్లెండర్ కాసేపు తిప్పేసరికే మిశ్రమం ముద్దకట్టి అచ్చులో సమంగా పరుచుకోలేదు. పైగా అచ్చుకు తువ్వాలు కూడా చుట్టినందువల్ల, మరునాటికి సబ్బు పైభాగం నిలువునా పగిలింది.

రెండవసారి రెండింటినీ 28 డిగ్రీలకు చల్లార్చాను. మిశ్రమం త్వరగానే చిక్కబడి, గరిటె నుంచి జారిన ధార పైన గీతలా నిలిచింది కనుక ట్రేస్ (నూనె, సోడా ద్రావణం విడిపోకుండా కలిసి చిక్కబడే దశ) వచ్చిందనుకుని అచ్చులో పోశాను. నిజానికి అక్కడ సబ్బు తయారవడం ఇంకా మొదలైనట్టే లేదు; చల్లదనానికి షియా బటర్ గడ్డకట్టి అలా భ్రమింపజేసింది. కొన్ని గంటలకు పైన నూనె తేలింది. ద్రావణం, నూనెలు ఒకే వేడిలో ఉండాలన్న నియమాన్ని రెండుసార్లూ తుచ తప్పకుండా పాటించాను, అయినా రెండూ చెడ్డాయి. చూడవలసింది ఆ సమానతను కాదు, నూనెల్లో అన్నిటికంటే గట్టిదైన కొవ్వు పూర్తిగా కరిగి ఉండే వేడిని.

మూడవసారి నూనెలను 40 వద్ద, ద్రావణాన్ని 35 వద్ద కలిపాను. పరారుణ థర్మామీటరు మెరిసే స్టీలు గిన్నె అంచున తప్పుడు అంకె చూపుతుంది కాబట్టి, బాగా కలియబెట్టాక నూనెలోనే కడ్డీ థర్మామీటరు ముంచి చూశాను. ట్రేస్ నిదానంగా వచ్చింది, పోత నున్నగా సాగింది. అయితే అచ్చును కప్పకపోవడంతో జెల్ దశ (తన వేడికే సబ్బు మెత్తబడి జిగటగా మారే దశ) నడిమికే పరిమితమై, కోసిన ముక్కల్లో ముదురు రంగు వలయం కనిపించింది. ఇది చూపుకే లోపం, వాడకానికి కాదు.

నాలుగవసారి అదే వేడిలో కలిపి, ఒక్క పొర తువ్వాలు చుట్టాను. రంగు అంచుదాకా సమంగా వచ్చింది, ముక్కలు ప్రస్తుతం నాలుగు వారాల ఆరుదలలో ఉన్నాయి.

ఇక 20 గ్రాముల తేనెమైనం చేర్చి చూడాలి. అది 62 డిగ్రీల దరిదాపుల్లో గానీ కరగదు కనుక 40 దానికి చాలదు. ముందు నూనెలను వేడిచేసి మైనాన్ని పూర్తిగా కరిగిస్తాను; నూనెల్లో కలిసిపోయిన ఆ కొద్దిపాటి మైనం 55 వద్ద గడ్డకట్టదు కనుక కలపడానికి మళ్లీ 55కే వెళ్తాను, ఈసారి తువ్వాలు లేకుండా.