ఎంతొస్తాదే జీతం?

మా అక్క ఫోన్ చేస్తే ముందు వానలు పడ్డాయో లేదో చెబుతుంది, తర్వాత మోకాళ్ల సంగతి, ఆ తర్వాత మా అమ్మాయి జీతం సంగతి అడుగుతుంది. అక్క ఉండేది నరసన్నపేట దగ్గర పల్లెలో. నేను పెళ్లయి మలేసియా వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. మా మామగారి తండ్రి ఆ శ్రీకాకుళం వైపు నుంచే తోటల్లో కూలికి ఓడెక్కి ఇక్కడి పేరాక్ రాష్ట్రానికి వచ్చారు. మూడు తరాలైనా ఆ ఇంట్లో తెలుగు పోలేదు. ఇకముందు కూడా పోకూడదనే మా అత్తగారు ఊరి నుంచి కోడల్ని తెచ్చుకున్నారు.

"డాక్టరమ్మకి ఎంతొస్తాదే జీతం?"

2020లో మా అమ్మాయి హౌస్‌మన్‌గా చేరిన నెలలో అక్క ఈ మాట మొదటిసారి అడిగింది. మన దగ్గర హౌస్ సర్జన్ అంటారు, ఇక్కడ హౌస్‌మన్. నేను తడుముకోకుండా "లక్షన్నర వస్తుందక్కా" అన్నాను. అది అబద్ధం. ఆ నెల దాని చేతికొచ్చింది 4,000 రింగిట్ల చిల్లర. అప్పటి లెక్కన 70,000 రూపాయల పైన కొంచెం.

ఎందుకు అలా అన్నానో ఇన్నేళ్లూ ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ చదువుకి మా ఆయన ఈపీఎఫ్ రెండో ఖాతాలో దాచుకున్నదంతా తీశారు. ప్రైవేటు మెడికల్ కాలేజీలో ఐదేళ్ల చదువంటే లక్షల రింగిట్ల మాట. చాలనిదానికి పిల్ల పేరు మీద పీటీపీటీఎన్ విద్యారుణం. నా బంగారం కొంత పోయింది. ఊళ్లో అందరికీ ఆ సంగతి తెలుసు. అంత పోసి చదివిస్తే తిరిగొచ్చేది ఇంతేనా అని ఎవరైనా అంటారన్న భయం, వాళ్లు అనకముందే నా నోట అబద్ధం పలికించింది.

ఆ అబద్ధం పిల్లతోపాటే పెరిగింది. లక్షన్నర రెండు లక్షలైంది. అది మెడికల్ ఆఫీసర్ అయ్యేసరికి మూడు లక్షలైంది.

మా ఊళ్లో జీతం అడగడం తప్పు కాదు. అన్నం తిన్నావా అని అడిగినట్టే అడుగుతారు. సరిపోతోందా, అప్పు తీరుతోందా, ఇంటికి పంపగలుగుతున్నావా అనే మూడు ప్రశ్నలూ ఆ ఒక్క ప్రశ్నలో ఉంటాయి. మా పిల్లలకు అది అర్థమయ్యేది కాదు. వాళ్లకు జీతం అంటే "గాజి", మలయ్ మాట. చిన్నప్పుడు "నాన్నకి గాజి వచ్చిందా?" అంటుంటే నాకు గాజుల చప్పుడు వినబడేది. అదే పిల్లలు పెద్దయ్యాక, పెద్దమ్మ అడిగితే మొహం ముడుచుకునేవారు. "అదేంటమ్మా, అలా అడగొచ్చా?" అని నన్ను నిలదీసేవారు. అది మన వాళ్ల ప్రేమ అని నేను సర్దిచెప్పేదాన్ని. ప్రేమతో అడిగినదానికి నేను అబద్ధం చెబుతున్నానని మాత్రం వాళ్లకి చెప్పలేదు.

2024లో బయటపడింది. అక్క ఒక సంబంధం తెచ్చింది. విశాఖపట్నం వాళ్లు, మంచి కుటుంబం. అబ్బాయి తల్లి మా అమ్మాయితో వీడియో కాల్‌లో మాట్లాడుతూ, మాటల మధ్యలో "నెలకి మూడు లక్షలంటే అక్కడ ఇల్లు కొనుక్కోవచ్చు కదమ్మా" అంది. మా అమ్మాయి నవ్వి ఊరుకుంది. కాల్ అయిపోయాక నా గదిలోకి వచ్చి తలుపేసింది. అరవలేదు. ఫోన్‌లో స్లిప్ గాజి తెరిచి నా ఒళ్లో పెట్టింది. "అమ్మా, ఒక్కో లైనూ చదువు," అంది.

నాలుగేళ్లలో నేను దాని జీతం చీటీ చూడటం అదే మొదలు. పాతవి కూడా తీసి చూపించింది. హౌస్‌మన్‌గా చేరినప్పుడు గ్రేడు యూడీ 41, మూల వేతనం 3,000 రింగిట్లకు కాస్త తక్కువ. మిగిలిందంతా అలవెన్సులు: క్రిటికల్ సర్వీసుకి 750, వేళాపాళా లేని షిఫ్టులకి 600, ఇంటికి, ఖర్చులకి మరికొంత. అన్నీ కలిపితే 5,000 దగ్గరికొస్తుంది. అందులోంచి ఈపీఎఫ్‌కి 11 శాతం, విద్యారుణం వాయిదా, పన్ను. ఆ డబ్బుకి వారానికి 65 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

ఆ గంటలెలా ఉండేవో నాకు గుర్తుంది. హౌస్‌మన్లకు రెండేళ్లలో ఆరు విభాగాలు, ఒక్కోటి నాలుగేసి నెలలు. కొత్త విభాగంలో మొదటి రోజుల్ని ఇక్కడ "ట్యాగింగ్" అంటారు. పొద్దున్న చీకటితో వెళ్లి రాత్రి పదింటికి బయటపడాలి. ప్రసూతి విభాగంలో ట్యాగింగ్ అప్పుడు నేను పొద్దున్నే కట్టిచ్చిన పులిహోర డబ్బా రాత్రి మూత తీయకుండానే తిరిగొచ్చేది. చెప్పులు విప్పకుండా సోఫాలో కూర్చుని అలాగే నిద్రపోయేది. ఆ చెప్పులు విప్పుతూ కూడా నేను అక్కకి చెప్పబోయే అంకె గురించే ఆలోచించానంటే ఇప్పుడు నామీద నాకే కోపం వస్తుంది.

జీతం తక్కువన్నది ఒక బాధే. మా అమ్మాయి ఈడు స్నేహితులందరినీ తినేసిన అసలు బాధ వేరే. 2016 డిసెంబరు నుంచి ఇక్కడి ప్రభుత్వం కొత్త డాక్టర్లను కాంట్రాక్టు మీద తీసుకోవడం మొదలుపెట్టింది. మెడికల్ కాలేజీలు ఎక్కువై, ఏటా వేలమంది పట్టాలతో బయటికొస్తుంటే అందరికీ పర్మనెంటు పోస్టులు లేవన్నారు. 2021 మే దాకా అలా తీసుకున్నది 23,077 మందిని. పర్మనెంటు అయింది 789 మంది. ఒకే వార్డు, ఒకే పని. అప్పటికి కాంట్రాక్టువాళ్లకి మాత్రం స్పెషలిస్టు చదువుకి జీతంతో కూడిన సెలవు లేదు, పై గ్రేడుకి దారి లేదు, కాంట్రాక్టు అయిపోయాక ఎక్కడుంటారో తెలియదు. అప్పుడు కోవిడ్ వార్డుల్లో పీపీఈ తొడుక్కుని చెమటలో నానింది వీళ్లే.

2021 జులై 26, సోమవారం. దేశమంతా కాంట్రాక్టు డాక్టర్లు పొద్దున్న 11 గంటలకి నల్లబట్టలతో ఆసుపత్రుల బయటికొస్తారని ముందే చెప్పారు. "హర్తాల్ డాక్టర్ కాంట్రాక్" అని పేరు పెట్టుకున్నారు. మా అమ్మాయి ముందురోజు రాత్రి నల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే నేను కాళ్లావేళ్లా పడ్డాను. పోలీసులుంటారు, రికార్డులో రాస్తారు, మనకెందుకు అన్నాను. వలస ఇళ్లలో తల్లులు ఎప్పుడూ అనే మాటే, మనకెందుకు.

మా మామగారు అప్పటికి ఎనభై దాటారు. రబ్బరు చెట్లకి గాటు పెట్టే పని చేసినాయన. తెల్లారకముందే తోటలో ఉండాలి, వానొస్తే పాలు కారవు, పాలు కారకపోతే ఆ రోజు కూలి లేదు. ఆయన కుర్చీలోంచే అన్నారు: "వానకి కూలెందుకు తెగ్గొయ్యాలని అడగడానికి మాకు శానా ఏళ్లు పట్టిందమ్మా. నోరున్న పిల్ల. ఎల్లనీ."

వెళ్లింది. సీనియర్లు వార్డు చూసుకుంటామంటే బయటికొచ్చి, కాసేపు నిలబడి, మళ్లీ లోపలికెళ్లి పేషెంట్లను చూసుకుంది. సాయంత్రం ఇంటికొచ్చి తాత కాళ్ల దగ్గర కూర్చుని అన్నం తింది. పర్మనెంటు పోస్టులు ఆ తర్వాతి ఏళ్లలో పెంచారు. దానికీ వచ్చింది, సముద్రం అవతల బోర్నియో దీవిలో ఉన్న సబా రాష్ట్రానికి బదిలీతో సహా. 2024 ఫిబ్రవరి తర్వాత పర్మనెంటుగా చేరినవాళ్లకి పాత పెన్షను లేదు, ఈపీఎఫే. ప్రభుత్వ ఉద్యోగమంటే ముసలితనంలో పెన్షను అనుకునే మా తరానికి అది మింగుడుపడలేదు.

ఆ రాత్రి స్లిప్ చూపిస్తూ మా అమ్మాయి ఒక లెక్క చేసింది. ఆన్‌కాల్ లెక్క. శని ఆదివారాల్లో 24 గంటలు ఆసుపత్రిలోనే ఉంటే ఇచ్చేది 220 రింగిట్లు. 220ని 24తో భాగిస్తే గంటకి 9 రింగిట్ల 16 సెన్లు. ఆ రోజుల్లో దేశంలో కనీస వేతనం గంటకి 7 రింగిట్ల 21 సెన్లు. "నేనూ, రాత్రంతా పెట్రోల్ బంకులో నిలబడే అబ్బాయీ, మా ఇద్దరి మధ్య తేడా రెండు రింగిట్లమ్మా," అంది. ఆ అబ్బాయిని తక్కువ చేసి అనలేదు, దాని గొంతులో ఆ వాసన లేదు. ఆ ఏడు అక్టోబరులో వచ్చిన బడ్జెట్‌లో ఆన్‌కాల్‌కి 55 నుంచి 65 రింగిట్లు పెంచారు. 2012 తర్వాత పెంచడం అదే మొదటిసారి. ఆన్‌కాల్స్ బాగా పడిన నెలలో కూడా దానికి అప్పట్లో 7,000 రింగిట్లు దాటేవి కావు. అప్పటి లెక్కన నేను చెప్పిన మూడు లక్షల్లో సగం కూడా అయ్యేది కాదు.

"సింగపూర్ వెళ్లిపోవే," అన్నాను. దాని బ్యాచ్‌లో వెళ్లినవాళ్లున్నారు. అక్కడి డాలరుకి ఇక్కడ మూడు రింగిట్లకి పైనే. నర్సులూ అటే పోతున్నారు. షిఫ్టు నర్సుల పని వారానికి 42 గంటల నుంచి 45కి పెంచుతామన్నప్పుడు మా పక్కింటి మలయ్ నర్సు కూడా ఆ మాటే అంది. ఓడెక్కినవాళ్ల మునిమనవరాలు ఇంకో దేశం పోవడంలో వింతేముంది అనుకున్నాను.

"ఇక్కడ ఒక్క రింగిట్ ఇచ్చి జనం నన్ను చూస్తారమ్మా," అంది. నిజమే. ప్రభుత్వాసుపత్రిలో ఈ దేశ పౌరుడు ఓపీకి కట్టేది 1 రింగిట్, స్పెషలిస్టుకైతే 5. మామగారికి ఆఖరి రోజుల్లో డయాలసిస్ అయినా, మందులైనా అలాగే అందాయి. ఆ ఒక్క రింగిట్ వెనక పిల్లల తక్కువ జీతం కూడా ఉందని నాకు అప్పటిదాకా తట్టలేదు. అలాగని ఆ జీతం న్యాయమని నేను ఒప్పుకోను. పేదవాడికి వైద్యం చవగ్గా అందాలి, దాని భారం 27 ఏళ్ల పిల్లల నిద్ర మీద పెట్టకూడదు. ఈ విషయంలో నాకూ దానికీ ఇప్పటికీ వాదనే.

ఇంతలో మావాడు. దానికన్నా చాలా చిన్నవాడు. బడి చదువయ్యాక, మూడేళ్ల డిప్లొమా చేసి అసిస్టెంట్ మెడికల్ ఆఫీసర్ అవుతానన్నాడు. ఇక్కడ అందరూ "ఎమ్మే" అంటారు, మెడికల్ అసిస్టెంట్ అనే పాత పేరుకి పొడి అక్షరాలు. అంబులెన్సులో ముందు దూకేదీ, పల్లె క్లినిక్కుల్లో కుట్లు వేసేదీ వాళ్లే. నా నోట మొదట వచ్చిన మాట నాకే వినబడింది: "ఎంతొస్తుందిరా?" అచ్చం అక్క గొంతే. మూల వేతనం 1,800 దగ్గర మొదలయ్యేదట. 2024 డిసెంబరులో 8 శాతం, 2026 జనవరిలో 7 శాతం, మరీ పై స్థాయి అధికారులకి తప్ప మిగతా ప్రభుత్వోద్యోగులకి పెరిగే లెక్కలో అదీ పెరుగుతుందన్నాడు. అన్నీ కనుక్కునే వచ్చాడు.

నేను మాట్లాడలేకపోయాను. మా ఆయన మాత్రం లేచి వెళ్లి వాళ్ల నాన్న పెట్టెలోంచి ఒక పాత ఫొటో తెచ్చారు. ఎస్టేటు ఆసుపత్రి ముందు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకున్న మనిషి, చుట్టూ లైన్ల పిల్లలు. లైన్లంటే తోట కూలీల వరస ఇళ్లు. "డ్రెస్సర్ అయ్యగారు," అన్నారు. తోటల్లో డాక్టరు ఎప్పుడో వచ్చేవాడు. జ్వరమైనా, పాము కరిచినా, కాన్పు కష్టమైనా ఉండేది డ్రెస్సరే. మా ఆయన పుట్టినప్పుడు బొడ్డు కోసింది కూడా ఆయన పర్యవేక్షణలోనేనట. ఆ డ్రెస్సర్ ఉద్యోగమే పేర్లు మారి ఇవాళ్టి ఎమ్మే అయింది. మావాడు ఫొటోని ఫోన్‌లో తీసుకుని సబాలో ఉన్న వాళ్లక్కకి పంపాడు. నేను వాడి దరఖాస్తు మీద సంతకం పెట్టాను.

మొన్న ఆదివారం అక్క ఫోన్ చేసింది. వానలు, మోకాళ్లు అయ్యాయి. అమ్మాయి సెలవు మీద వచ్చి నా పక్కనే కూర్చుని కందిపప్పు ఏరుతోంది. నేను స్పీకర్ పెట్టాను.

"అక్కా, ఇన్నాళ్లూ నీకు అబద్ధం చెప్పాను," అని మొదలుపెట్టేసరికి నా గొంతు పూడుకుపోయింది. అమ్మాయే అందుకుంది. శనివారం తెలుగు తరగతుల్లో నేర్చుకున్న అంకెలతో, తడబడకుండా, నెలకి ఎంతొస్తుందో, ఎంత కోతపోతుందో, అప్పుకి ఎంత కడుతుందో రూపాయల్లోకి మార్చి చెప్పింది. తమ్ముడికి ఎంత రావచ్చో కూడా చెప్పింది.

అవతల చాలాసేపు మాట లేదు. అక్క ఇంటి ముందు ఆటో వెళ్లిన చప్పుడు వినిపించింది.

"మరి రేత్రి డూటీకి అన్నం ఆళ్లే పెడతారా?" అంది అక్క.

"లేదు పెద్దమ్మా, మేమే తెచ్చుకోవాలి."

"ఏటమ్మా ఇది, అంత సదివి..." అని ఆగిపోయింది. కాసేపటికి నన్ను పిలిచింది. "ఒసే, ఆ విశాఖపట్నం వాళ్లు మళ్లీ అడుగుతున్నారే. ఏటి చెప్పమంటావు?"

నేను అమ్మాయి వైపు చూశాను. పళ్లెంలోంచి ఒక రాయి తీసి పక్కన పెడుతోంది, తలెత్తలేదు.

"ఉన్నదే చెప్పక్కా," అన్నాను.