క్యాంపులో పుట్టిన పిల్లకు పేరు

రెండో శనివారం, బడికి సెలవు. వంట త్వరగా ముగించి నవల రాతప్రతి ముందు కూర్చున్నాను. మూడో అధ్యాయంలో పుట్టే ఆడపిల్లకు ఇంకా పేరు కుదరలేదు. ఆ ఇంట్లో అందరికీ పేర్లున్నాయి, ఎద్దులకు కూడా ఉన్నాయి. ఈ పిల్ల మాత్రం చాలా రోజులుగా ‘పాప’గానే మిగిలిపోయింది. పేరు లేని మనిషి చేత నేను మాట్లాడించలేను. ఇవాళ ఎలాగైనా తేల్చాలనుకున్నాను.

కథ 1950ల నాటిది. గుంటూరు డెల్టాలో ఉన్న కొద్దిపాటి పొలం అమ్మేసి, ఆ డబ్బుతో తుంగభద్ర కాలువ కింద నల్లరేగడి కొనుక్కోవడానికి రాయచూరు జిల్లా సింధనూరు వైపు తరలిపోయిన కుటుంబం కథ. 1953లో ఆనకట్ట నుంచి నీళ్లు వదిలాక కోస్తా జిల్లాల నుంచి అలా వెళ్లిన రైతులు ఎందరో. వాళ్లు వేసుకున్న ఊళ్లను ఈనాటికీ క్యాంపులనే అంటారు. నా పిల్ల 1958లో అలాంటి ఒక క్యాంపులో, జొన్నచొప్ప కప్పిన పాకలో పుడుతుంది.

పాత్రకు పేరు రచయిత పెట్టకూడదని నా గట్టి నమ్మకం. ఆ పాత్రను కన్నవాళ్లు, ఎత్తుకున్నవాళ్లు పెట్టాలి. నాకు నచ్చిన పేరో, నా కథకు అర్థం సరిపోయే పేరో పెడితే ఆ పిల్ల నా పిల్ల అవుతుంది, వాళ్ల పిల్ల కాదు. ధైర్యం గల అమ్మాయి కదా అని ఝాన్సీ అని పెట్టలేను. పుట్టిన పదకొండో రోజున ఆమె ధైర్యం సంగతి ఎవరికి తెలుసు? బారసాల నాడు పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు రాసింది ఎవరు, ఆ రోజు ఆ మనిషి మనసులో ఏముంది అన్నది ముందు తెలియాలి. అది తెలిస్తే పేరు దానంతట అదే వస్తుంది.

గురజాడ లుబ్ధావధాన్లు, సౌజన్యారావు పంతులు లాంటి పేర్లలో గుణాన్నే పేరుగా నిలబెట్టారు. 1892లో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లో ఆ పేర్లు అంత సహజంగా అమరడానికి కారణం, అవధాన్లు, పంతులు అన్న సగం నిజంగానే ఆ విజయనగరం సీమలోది కావడం. పైగా నాటకంలో మనిషి ఎవరో ప్రేక్షకుడికి వెంటనే తెలియాలి. నవలకు ఆ తొందర లేదు.

ఎవరికి పేరు కావాల్సినా నేను మొదట వెతికేది వాళ్ల దేవుణ్ని. విజయనగరం, శ్రీకాకుళం వైపు మనిషైతే సింహాచలం, అప్పలస్వామి, పైడిరాజు, పైడితల్లి. అన్నవరం చుట్టుపక్కల సత్యనారాయణ, సత్యవతి. భీమవరంలో మావుళ్లు. నరసరావుపేట దగ్గర కోటప్పకొండ స్వామి పేరిట కోటయ్యలు, కోటేశ్వరమ్మలు. నెల్లూరు జిల్లాలో పెంచలకోన నరసింహస్వామి వల్ల పెంచలయ్య, పెంచలమ్మ. అహోబిలం దేవుడు ఓబులేసుగా, ఓబుళమ్మగా సీమ ఊళ్లన్నీ తిరుగుతుంటాడు. యాదగిరిగుట్ట వల్ల యాదయ్య, యాదమ్మ. కొమురవెల్లి మల్లన్న వల్ల కొమురయ్య, కొమురవ్వ. మేడారం తల్లుల వల్ల సమ్మయ్య, సారయ్య. దర్గాకు మొక్కుకుని బిడ్డను కన్న హిందువుల ఇళ్లలో మస్తానమ్మలు, దస్తగిరులు, హుసేనమ్మలు ఉంటారు. ఆ పేర్లంటే నాకు ప్రత్యేకమైన ప్రేమ. వాటిలో ఒకటి వినగానే, ఆ మనిషిని కన్న తల్లి ఏ గుమ్మం ముందు కొంగు పరిచి అడిగిందో తెలుస్తుంది.

నా నవలలో వీళ్ల పొలం పనికి వచ్చే స్థానిక స్త్రీ పేరు హులిగెమ్మ. తుంగభద్ర ఒడ్డున హులిగిలో వెలసిన అమ్మవారి పేరు అది. ఈమెకు మొదట ‘మల్లమ్మ’ అనుకున్నాను. ఆ పేరు ఎక్కడైనా ఉంటుంది. హులిగెమ్మ ఆ నది పక్కనే ఉంటుంది. పేరు మారిన రోజు నుంచి ఆమె మాట, నడక, కోపం అన్నీ నాకు తెలిసిపోయాయి.

భయంతో పెట్టిన పేర్లు వేరు. పుట్టిన పిల్లలు వరసగా పోతుంటే, తరువాత పుట్టిన బిడ్డను తిని పారేసిన పుల్లి విస్తళ్ల మీద దొర్లించి పుల్లయ్య అనో పుల్లమ్మ అనో పెట్టేవాళ్లు. పెంటకుప్ప మీద పడుకోబెట్టి పెంటయ్య అనేవాళ్లు. ఇంకొకరి చేతికిచ్చి భిక్షగా తిరిగి తీసుకుని భిక్షమయ్య, బిచ్చమ్మ అని పిలుచుకునేవాళ్లు. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని చావు పక్కకు తప్పుకుంటుందని ఆశ. ఈ పేర్లను సినిమాల్లో, కథల్లో నవ్వుల కోసం వాడినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఒక తల్లి ఎంత ఏడ్చి ఉంటే కన్నబిడ్డను ‘పెంటయ్యా’ అని పిలుచుకుంటుంది! నా నవలలో తాత పేరు పుల్లయ్య. ఆయనకు ముందు పుట్టి పోయిన పిల్లల గురించి ఎక్కడా ఒక్క వాక్యం రాయను. కానీ పాకలో పసిబిడ్డ ఏడుపు ఆగకపోతే ఆ ముసలాయన ఎందుకంత కంగారుపడిపోతాడో నాకు తెలుసు, అది చాలు.

ఏ సంవత్సరంలో పుట్టారన్నది కూడా పేరులోకి వస్తుంది. విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారి దంపతులు ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పుట్టిన కొడుకు సమరం. తొమ్మిదో సంతానానికి నౌ అని పెట్టారు. దేవుడి పేరు వద్దనుకున్న ఇంట్లో దేశం పేరు పెట్టింది. కమ్యూనిస్టు కుటుంబాల్లో లెనిన్‌లు, స్టాలిన్‌లు పుట్టిందీ ఇలాగే. లవణం గారి పేరు గుర్తుకొచ్చినప్పుడే నా పాపకు ‘తుంగభద్ర’ అన్న పేరు తట్టింది. తండ్రి ఆ పేరే కోరుకుంటాడు. అమ్ముకున్న పొలం కోసం భార్య, తండ్రి ఏళ్ల తరబడి కుమిలిపోతుంటే, కాలువలో మొదటిసారి నీళ్లు పారిన రోజున తను చేసింది తప్పు కాదని ఊపిరి పీల్చుకున్న మనిషి అతను.

కానీ పుల్లయ్య ఒప్పుకోడు. ఆయన భార్య సుబ్బమ్మ ఊరు వదలకముందే చనిపోయింది. ఆమెను దహనం చేసిన నేలను వదిలి ఇంత దూరం వచ్చాడు. మనవరాలికి ఆమె పేరు కాక ఇంకే పేరైనా ఎలా పెట్టనిస్తాడు? పొద్దుటి నుంచి ఈ ఇద్దరి మధ్యే ఇరుక్కున్నాను. ఇద్దరి మాటా న్యాయమే.

పదకొండు గంటలకు అమ్మ ఫోను చేసింది. ఉన్న సంగతంతా చెప్పి, “పిల్లకు నాయనమ్మ పేరు పెడతారా, నది పేరు పెడతారా?” అని అడిగాను.

“ఎవరు ఏ పేరు పెడితే ఏమిటే, పొద్దస్తమానం పిలవాల్సింది తల్లి. అత్తగారి పేరు పెట్టాక, ‘ఒసే సుబ్బమ్మా, ఇటు రావే’ అని కోడలు కేకేయగలదా? మీ తమ్ముడికి మీ తాతయ్య పేరు పెట్టారు. నా నోట ఒక్కనాడైనా ఆ పేరు విన్నావా? బాబు అనేదాన్ని. కోపమొస్తే ఒరేయ్ అబ్బాయ్ అనేదాన్ని. మామగారి పేరు పెట్టి తిడితే ఊరుకుంటారా?”

నిజమే. తమ్ముణ్ని అమ్మ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. నాన్నగారిని సరేసరి, “ఏమండీ” తప్ప వేరే పిలుపు లేదు. మన ఇళ్లలో పేరు ఉండేది కాగితాల మీద, శుభలేఖల మీద, పూజలో సంకల్పం చెప్పేటప్పుడు. మాటల మధ్యలో వినిపించేవి వరసలు, ముద్దు పేర్లు. ఫోను పెట్టేశాక రాతప్రతి తీసి, భార్యాభర్తల సంభాషణల్లో పేర్లు పలికిన చోటల్లా కొట్టేశాను. వాక్యాలు ఎంత తేలికపడ్డాయో!

మధ్యాహ్నం పక్కింటి పిన్నిగారు మనవడి పెళ్లి శుభలేఖ ఇచ్చి, బొట్టు పెట్టి వెళ్లారు. శుభలేఖలు నేను పారేయను, ఒక అట్టపెట్టెలో దాచుకుంటాను. పేర్ల కోసం వెతికేవాళ్లకు అంతకు మించిన చోటు లేదు. ఈ కార్డులో వరుడి తాతగారి పేరు చివర ‘అయ్య’ ఉంది. తండ్రి పేరు చివర ‘రావు’ ఉంది. వరుడి పేరు చివర ఏమీ లేదు, మూడక్షరాలతో ఆగిపోయింది. జన్మ నక్షత్రం పాదం చూసి, ఆ అక్షరంతో ఇంతవరకు ఎవరూ పెట్టని పేరు కావాలని వెతికి పెట్టుకున్న కాలం పేరు అది. ఇప్పటి పేర్లకు అర్థం లేదని విసుక్కునే పెద్దలతో నేను ఏకీభవించను. వాటిలోనూ తల్లిదండ్రులు కోరుకున్నది కనిపిస్తుంది: ఏ ఊరినీ, ఏ కులాన్నీ మోయకుండా బిడ్డ వెళ్లిపోవాలని.

ఇంటిపేరు అలా కాదు, అది అన్నీ మోస్తుంది. నా కుటుంబానికి ‘వెల్లటూరి’ అని ఖాయం చేశాను. ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్నవాళ్లంతా ఒకప్పుడు ఆ ఊరు వదిలి వచ్చినవాళ్లే. వెల్లటూరులోనే ఉండిపోయినవాళ్లను వెల్లటూరివారని ఎవరు పిలుస్తారు? కొత్త ఊళ్లో ఇరుగుపొరుగు అనుకోగా అనుకోగా కందుకూరు కందుకూరి అయింది, గుడిపాడు గుడిపాటి అయింది, అన్నవరం అన్నవరపు అయింది. అంటే నా వాళ్లకు వలస కొత్త కాదు. పుల్లయ్య ముత్తాతల్లో ఎవరో ఒకసారి మూటలు కట్టుకున్నారు. ఇంకా పాతకాలమైతే క్యాంపుకు వచ్చాక వీళ్లకు మరో ఇంటిపేరు పుట్టేదేమో. కానీ 1958 నాటికి పొలం కాగితాలు, బడి రిజిస్టర్లు ఉన్న పేరును అక్కడే బిగించేశాయి.

ఇంటిపేరుతో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఎవరికి ఎవరు వరసవుతారో తెలుగు పాఠకుడికి అదే చెబుతుంది. ఒకే ఇంటిపేరున్న అబ్బాయి, అమ్మాయి ప్రేమించుకున్నారని రాస్తే చదివేవాళ్లు అక్కడే ఆగిపోతారు, కథ ముందుకు సాగదు. పాప పెద్దయ్యాక మేనమామ కొడుకును చేసుకుంటుంది, అందుకని వాళ్లకు ‘తోట’ అని పెట్టాను. చాలా కులాల్లో ఉన్న ఇంటిపేరది. కులాన్ని దాచాలని కాదు. పొలం బేరంలో, పెళ్లి మాటల్లో అది తప్పక బయటపడుతుంది. మొదటి పేజీలోనే ఇంటిపేరు చూసి మనిషిని తూచడం మాత్రం నాకు ఇష్టం లేదు.

వీళ్లతోపాటు డెల్టా నుంచి క్యాంపుకు వచ్చిన ఒక మనిషి దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాను. అతను దళిత కుటుంబంలో పుట్టిన క్రైస్తవుడు, క్యాంపు బడిలో పంతులు. తల్లి, చర్చి పెట్టిన పేరు దేవదానం. సర్టిఫికెట్లలో కోటేశ్వరరావు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు ఈనాటికీ లేదు. చదువు కోసం, ఉద్యోగం కోసం ఇలా రెండు పేర్లతో బతికిన తరాలు మన జిల్లాల్లో ఉన్నాయి. వాళ్లు చేసింది మోసమని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రార్థన ఒక పేరుతో, జీతం ఒక పేరుతో తీసుకోవాల్సిన పరిస్థితి వాళ్లు తెచ్చుకున్నది కాదు. మరి కథ చెప్పే గొంతు అతణ్ని ఏమని పిలవాలి? తల్లి పిలిచినట్టే పిలవాలని నిర్ణయించుకున్నాను. కోటేశ్వరరావు అన్న పేరు తనిఖీ అధికారి వచ్చిన సన్నివేశంలో, జీతం పట్టీ మీద మాత్రమే కనిపిస్తుంది. అప్పుడు పాఠకుడు ఒక్క క్షణం ‘ఇతనెవరు’ అని తడబడితే మంచిదే. దేవదానం రోజూ ఆ తడబాటులోనే ఉన్నాడు.

చివరి అధ్యాయాల్లో పుల్లయ్య మునిమనవడు అమెరికా వెళతాడు. అక్కడ ఆఫీసులో అందరూ అతణ్ని ‘వెల్లటూరి’ అని పిలుస్తారు. ముత్తాతలు వదిలేసిన ఊరు అతనికి సొంత పేరైపోతుంది. దాని గురించి ఇప్పుడే ఆలోచించను, అంత దూరం ఇంకా రాయలేదు.

సాయంత్రానికి పాప సంగతి తేలింది, అమ్మ మాట వల్లనే. బారసాల నాడు బియ్యంలో పుల్లయ్య రాసేది ‘సుబ్బమ్మ’ అనే. తండ్రి మాట నెగ్గదు, మౌనంగా బయటికి వెళ్లిపోతాడు. తల్లికి అత్తగారి పేరు నోట రాదు. పాలివ్వడానికి బిడ్డను తీసుకున్నప్పుడు భర్త కోరుకున్న పేరులో సగం తీసుకుని “భద్రా” అంటుంది. ఆ తరువాత ఇంట్లో, కాలువ గట్టున, హులిగెమ్మ నోట, అందరికీ భద్రే. బడిలో చేర్చేటప్పుడు తల్లి చెప్పిన పేరునే దేవదానం పంతులు రిజిస్టరులో రాస్తాడు, రెండో పేరు గురించి అడగడు. అతను ఎందుకు అడగడో అప్పటికి పాఠకుడికి తెలిసి ఉంటుంది. సుబ్బమ్మ అన్న పిలుపు పుల్లయ్య ఒక్కడి దగ్గరే మిగులుతుంది.

రాతప్రతిలో ‘పాప’ అన్న చోటల్లా భద్ర అని దిద్దుకుంటూ వచ్చాను. ఆమె పెళ్లి అధ్యాయం దగ్గర మాత్రం ఆగాను. కొత్త దంపతులను ఆడపడుచులు గుమ్మంలో ఆపి పేర్లు చెబితేనే లోపలికి రానిస్తామంటారు కదా. పుల్లయ్య అప్పటికి బతికే ఉంటాడు, ఆ వాకిట్లోనే పెళ్లివారి మధ్య కూర్చుని ఉంటాడు. భద్ర అక్కడ ఏ పేరు చెబుతుందో ఆ రోజు రాసేటప్పుడే తేల్చాలి.